క్లౌడ్‌కి త్వరగా వెళ్లాలంటే వినకూడని సలహాలు

“ముందు గో-లైవ్ తేదీ ప్రకటించేయండి. తేదీ పడితే పని దానంతట అదే కదులుతుంది.”

పెద్ద డేటాబేస్‌ను క్లౌడ్‌కి మార్చాలని కంపెనీ నిర్ణయించుకున్న రోజున మొదట వినిపించే సలహా ఇదే. మొదట పక్కన పెట్టాల్సిన సలహా కూడా ఇదే. చెప్పేవాళ్లకు దురుద్దేశం ఉండదు. డేటా సెంటర్ లీజు మార్చితో ముగుస్తుంది, ఒరాకిల్ సపోర్ట్ రెన్యువల్ బిల్లు ఆ వెనకాలే వస్తుంది, బోర్డుకు ఏదో ఒక తేదీ చెప్పాలి. ఇవన్నీ నిజమైన ఒత్తిళ్లే. అయితే తేదీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే కోత పడేది ఎప్పుడూ ఒక్కచోటే. స్కీమా మార్చక తప్పదు, డేటా పంపక తప్పదు, అప్లికేషన్ల కనెక్షన్లు తిప్పక తప్పదు. పరీక్షలు మాత్రం మానేసినా ఆ రోజుకు ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని వాటినే కోస్తారు.

వేగంగా వెళ్లడానికి నేను వ్యతిరేకిని కాను. ఏళ్ల తరబడి ఈడ్చుకుపోయే మైగ్రేషన్ కూడా ఒక జబ్బే. రెండు సిస్టమ్‌లకూ డబ్బు కడుతూ, రెండు చోట్లా మనుషుల్ని పెట్టి టీములు అలసిపోతాయి. కానీ వేగం పేరుతో చలామణీ అయ్యే సలహాలను విప్పి చూడండి. చాలావాటిలో ఒకే పని కనబడుతుంది: వెనక్కి వచ్చే దారి మూసేయడం. నా అనుభవంలో వెనక్కి రాగలమన్న నమ్మకం ఉన్న టీములే ధైర్యంగా, తొందరగా ముందుకు వెళ్లాయి.

తేదీ సంగతే చూద్దాం. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకును 2015లో స్పెయిన్‌కి చెందిన సబాడెల్ బ్యాంకు కొనుక్కుంది. అప్పటికి టీఎస్‌బీ ఖాతాలన్నీ పాత యజమాని లాయిడ్స్ సిస్టమ్‌ల మీదే నడుస్తున్నాయి, అందుకు లాయిడ్స్‌కి డబ్బు కట్టాల్సి వచ్చేది. వాటిని సబాడెల్ తయారు చేయించిన కొత్త ప్లాట్‌ఫామ్ మీదికి తేవాలి. మొదట 2017 నవంబర్ అన్నారు, కుదరలేదు. చివరికి 2018 ఏప్రిల్ 20–22 వారాంతంలో 50 లక్షలకు పైగా ఖాతాదారులను ఒకే ఊపులో మార్చారు. డేటా సరిగ్గానే చేరింది. తలుపులు తెరవగానే కొత్త ప్లాట్‌ఫామ్ కూలబడింది. జనం తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు, కొందరికి వేరేవాళ్ల ఖాతాలు కనిపించాయి. వ్యవహారం పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబర్ వచ్చింది. ఏడాదిలోపు 2,25,492 ఫిర్యాదులు. ఖాతాదారులకు పరిహారం 3 కోట్ల 27 లక్షల పౌండ్లు. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు వేసిన జరిమానా 4 కోట్ల 86.5 లక్షల పౌండ్లు. మరుసటి ఏడాది బ్యాంకు ఐటీ ప్రధానాధికారికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది.

అది పబ్లిక్ క్లౌడ్ కాదు, సబాడెల్ వాళ్ల సొంత డేటా సెంటర్లే. అయినా క్లౌడ్‌కి వెళ్లే ప్రతి టీమూ ఆ కేసు చదవాలి. బ్యాంకు తరఫున స్వతంత్రంగా విచారణ చేసిన స్లాటర్ అండ్ మే న్యాయ సంస్థ 2019లో ఇచ్చిన నివేదికలో రెండు విషయాలు కళ్లకు కడతాయి. ఒకటి, ముగింపు తేదీ ముందు పెట్టుకుని ప్రణాళికను కుడి నుంచి ఎడమకి రాశారు. రెండోది, లోడు పంచుకోవాల్సిన డేటా సెంటర్లు రెండుంటే పరీక్ష జరిగింది ఒక్కదాని మీదే.

తేదీ ఎప్పుడివ్వాలి మరి? మొదటి పూర్తి రిహార్సల్ అయ్యాక. ప్రొడక్షన్ అంత సైజు ఉన్న నకలు తీసుకుని, కటోవర్ రాత్రి, అంటే పాతదాని నుంచి కొత్తదానికి మారే రాత్రి, చేయబోయే పనులన్నీ అదే వరసలో చేసి చూడాలి. దీనికి ఒక షీటు చాలు. అందులో పని పేరు, చేసే మనిషి, అనుకున్న సమయం, నిజంగా పట్టిన సమయం, ఫెయిలైతే ఏం చేయాలి అన్న అయిదు నిలువు వరసలు ఉండాలి. మొదటిసారి నాలుగో వరస మూడో వరసకి రెట్టింపు వస్తుంది. ఇండెక్సులు కట్టడానికి రెండు గంటలనుకుంటే అయిదు పడుతుంది. ఫైర్‌వాల్ తెరవాల్సిన మనిషి ఆ రాత్రి డ్యూటీలో ఉండడని తెలుస్తుంది. రెండో రిహార్సల్‌కి అంకెలు దగ్గరపడతాయి, మూడోసారికి విసుగు పుట్టేంత సాఫీగా సాగుతుంది. ఆ విసుగు పుట్టిన తర్వాతే బోర్డుకు తేదీ చెప్పండి. లీజు గడువు మూడు నెలలు పొడిగించుకోవడానికయ్యే ఖర్చు కాగితం మీద పెద్దదిగా కనబడుతుంది. దాన్ని టీఎస్‌బీ లెక్కల పక్కన పెట్టి చూపించండి.

“శుక్రవారం రాత్రి మొదలుపెట్టి సోమవారం పొద్దున్నకల్లా మొత్తం లాగేద్దాం.”

ఈ మాట అనేవాళ్లు సాధారణంగా భాగహారం చేసి ఉండరు. డేటాబేస్ 40 టెరాబైట్లు, క్లౌడ్‌కి ఉన్న లైను 1 గిగాబిట్ అనుకుందాం. లైను నూటికి నూరుశాతం మనకే దొరికినా 3,20,000 సెకన్లు, అంటే దాదాపు 89 గంటలు. నిజ జీవితంలో ఆ లైనులో అరవై శాతం దక్కితే గొప్ప. అప్పుడు ఆరు రోజులు దాటుతుంది. శుక్రవారం రాత్రి 10 నుంచి సోమవారం ఉదయం 6 దాకా ఉన్నవి 56 గంటలు. ఇందులోనే ఇండెక్సులు, సరిచూడటం, అప్లికేషన్ పరీక్షలు, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి కావాల్సిన సమయం, అన్నీ పట్టాలి.

అందుకే మొదటి పెద్ద కాపీని వారాల ముందే చేసి, ఆ తర్వాత పాత డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ లాగుల నుంచి చదివి కొత్త చోటికి పంపుతూ ఉండాలి. కటోవర్ రాత్రికి రెండూ నిమిషాల తేడాలోకి వస్తాయి, వాడకందార్లకు తెలిసే ఆపుదల గంటకో రెండు గంటలకో పరిమితమవుతుంది. ఇది ఇప్పుడు అందరికీ తెలిసిన పద్ధతే. తెలియంది దీన్ని చెడగొట్టే చిన్న విషయాలు. ఒరాకిల్‌లో సప్లిమెంటల్ లాగింగ్ ముందే ఆన్ చేయాలి. రోజూ రాత్రి బ్యాకప్ అయ్యాక ఆర్కైవ్ లాగులను చెరిపేసే పాత స్క్రిప్టు ఒకటి ఎక్కడో ఉంటుంది. మార్పులు చదివే టూల్ ఒక్క రాత్రి వెనకబడిందంటే, అది చదవాల్సిన లాగును ఆ స్క్రిప్టు తుడిచేస్తుంది. మళ్లీ మొదటి నుంచి కాపీ చేసుకోవాలి. బిజీగా ఉన్న డేటాబేస్ నుంచి పెద్ద టేబుల్‌ను గంటల తరబడి చదువుతుంటే మధ్యలో ఓఆర్ఏ-01555, స్నాప్‌షాట్ టూ ఓల్డ్ అన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. అన్‌డూ సైజు, రిటెన్షన్ ముందే పెంచి ఉంచండి.

ఇంకో మాట. 40 టెరాబైట్లూ వెళ్లాల్సిన అవసరం ఉందా? పాత డేటాబేస్ ఏదైనా తెరిచి టేబుళ్ల పేర్లు చూడండి. చివర బీకేపీ అని, ఓల్డ్ అని, టెంప్ 2014 అని తోకలు తగిలించుకున్నవి డజన్ల కొద్దీ కనిపిస్తాయి. ఎప్పుడో ఎవరో ఒక మధ్యాహ్నం జాగ్రత్త కోసం తీసిపెట్టిన నకళ్లు అవి. ఆడిట్ లాగులు పదేళ్లవి అలాగే పడి ఉంటాయి. “ఏదీ వదలొద్దు, ఎప్పుడు అవసరమొస్తుందో” అన్నది తప్పు సలహా. చట్టప్రకారం ఉంచాల్సినవాటిని ఫైళ్లుగా మార్చి చౌకైన ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెట్టండి, మిగతావాటికి యజమానుల చేత సంతకం పెట్టించి తీసేయండి. మైగ్రేషన్‌లో నిజంగా సమయం కలిసొచ్చే పని ఇదే. ఎవరికీ పేరు రాదు కాబట్టి దీనికి ఎవరూ పూనుకోరు.

“రో కౌంట్లు కలిశాయి. ఇంకేం చూడాలి?”

ఈ సలహా దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం చప్పుడు చేయకుండా జరిగేది ఇక్కడే.

వరసల లెక్క కలిసిందంటే అన్ని వరసలూ చేరాయని మాత్రమే అర్థం. వరసలో ఉన్నది చెక్కుచెదరకుండా చేరిందని కాదు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ మైగ్రేషన్ టూల్ డీఎంఎస్‌లో లాబ్ అనే పెద్ద కాలమ్‌లను ‘లిమిటెడ్’ పద్ధతిలో పంపితే గరిష్ఠ సైజు డీఫాల్ట్‌గా 32 కిలోబైట్లు. అంతకు మించినవి అక్కడికి తెగిపోతాయి. లాగులో ఒక హెచ్చరిక వస్తుంది, జాబ్ మాత్రం విజయవంతంగా ముగుస్తుంది. ఆ కాలమ్‌లో ఉన్నది స్కాన్ చేసిన పట్టాదార్ పాస్‌బుక్కో, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీయో అనుకోండి. కౌంటు సరిగ్గా ఉంటుంది, కాగితం తెరుచుకోదు. ఆరు నెలల తర్వాత ఎవరికో అవసరపడ్డ రోజున బయటపడుతుంది. అప్పటికి పాత సర్వర్ తుక్కు కింద వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ముందే పాత డేటాబేస్‌లో అతి పెద్ద లాబ్ ఎంతుందో కొలిచి ఆ సెట్టింగ్ పెట్టండి. చేరాక రెండు వైపులా పొడవులు కూడి పోల్చండి.

ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి వెళ్తుంటే ఖాళీ గడుల గురించి ఒక పూట కేటాయించండి. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగూ నల్లూ ఒకటే, పోస్ట్‌గ్రెస్‌కి రెండూ వేరు. దాని ఫలితం ఇలా ఉంటుంది. పేరు, మధ్యపేరు, ఇంటిపేరు మూడు కాలమ్‌లను కలిపి ఉత్తరం మీద పూర్తిపేరు వేసే క్వెరీ ఒకటుంది. మధ్యపేరు లేనివాళ్లకు ఆ కాలమ్ నల్. ఒరాకిల్ దాన్ని ఖాళీగా తీసుకుని మిగతా రెండూ కలిపేది. పోస్ట్‌గ్రెస్‌లో అదే రెండు నిలువు గీతల గుర్తుతో కలిపితే నల్ తగిలిన వెంటనే మొత్తం నల్ అయిపోతుంది. మధ్యపేరు లేని ప్రతి కస్టమర్‌కీ పేరే లేని ఉత్తరం వెళ్తుంది. ఎర్రర్ ఎక్కడా రాదు.

గడియారం సంగతీ ఇంతే. ఆఫీసు సర్వర్ భారత కాలమానంలో నడిచేది. క్లౌడ్‌లో తీసుకున్న మేనేజ్డ్ డేటాబేస్ సాధారణంగా యూటీసీలో ఉంటుంది, అంటే అయిదున్నర గంటలు వెనక. ఈ రోజు తేదీ ఏమిటని డేటాబేస్‌నే అడిగే కోడు మన దగ్గర కోకొల్లలు. రాత్రి పన్నెండు నుంచి పొద్దున అయిదున్నర దాకా జరిగిన ప్రతి లావాదేవీ నిన్నటి తేదీన పడుతుంది. తెల్లవారుజామున అయిదింటికే పాల సేకరణ మొదలుపెట్టే డెయిరీకి ఇది ఎంత పెద్ద దెబ్బో ఊహించండి. మొదటి అరగంట పాలు పోసిన రైతులకి లెక్క నిన్నటి కిందకు పోతుంది, ఆ తర్వాత వచ్చినవాళ్లది ఇవాళ్టి కింద ఉంటుంది. చెల్లింపు రోజున సెంటర్ దగ్గర గొడవ పడేది రైతూ, అక్కడి కుర్రాడూ. క్లౌడ్ ఆర్కిటెక్ట్ అక్కడ ఉండడు.

తెలుగులో డేటా దాచుకునే సంస్థలు ఇంకొకటి చూసుకోవాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు చిహ్నం మూడు బైట్లు. వెంకటేశ్వరరావు అన్న పేరులో గుణింతాలు, పొల్లు, సున్న కలిపి 14 చిహ్నాలున్నాయి, అంటే 42 బైట్లు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 30 పొడవున్న ఎన్‌వార్‌చార్ కాలమ్‌లో ఈ పేరు హాయిగా పడుతుంది. అదే 30ని రెడ్‌షిఫ్ట్ వార్‌చార్‌లో పెడితే పట్టదు, అక్కడ లెక్క బైట్లలో. ఒరాకిల్ కూడా డీఫాల్ట్‌గా బైట్లే లెక్కపెడుతుంది. ఇంగ్లిష్ పేర్లతో చేసిన టెస్టు డేటాలో ఇది ఎన్నడూ బయటపడదు. ఇంకా పాత సంస్థల్లో అయితే యూనికోడ్ రాకముందు అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఉంటుంది. డేటాబేస్‌కి అది తెలుగని తెలియదు, ఏవో లాటిన్ అక్షరాలని అనుకుంటుంది. క్యారెక్టర్ సెట్ మార్పులో ఆ బైట్లు తారుమారైతే తిరిగి చదవడం ఎవరి తరమూ కాదు. అలాంటి కాలమ్‌లను ముందే గుర్తించి, మార్పిడి విడిగా చేసి, తెలుగు చదవగలిగిన మనిషి చేత కనీసం కొన్ని వందల వరసలు చదివించండి.

ఇక సీక్వెన్సులు. టేబుళ్లు చేరతాయి, నంబర్లిచ్చే సీక్వెన్సులు చాలా టూల్స్‌తో చేరవు. పాత చోట కస్టమర్ నంబర్ 80 లక్షలు దాటి ఉంటుంది, కొత్త చోట సీక్వెన్స్ ఒకటి దగ్గర కూర్చుని ఉంటుంది. గో-లైవ్ తర్వాత వచ్చిన మొదటి కొత్త కస్టమర్‌కే డూప్లికేట్ కీ ఎర్రర్. ఇది చప్పుడు చేసే తప్పు కాబట్టి నయం, కానీ అందరూ చూస్తుండగా చేస్తుంది. కటోవర్ షీటులో సీక్వెన్సులను ముందుకు జరపడం అనే వరస తప్పకుండా రాయండి.

“ఉన్నది ఉన్నట్టు ఎత్తి అక్కడ పెట్టేద్దాం, తర్వాత చూసుకుందాం” అనేవాళ్లు ఒక వైపు, “ఎలాగూ కదులుతున్నాం కదా, ఇంజన్ మార్చేద్దాం, మైక్రోసర్వీసులుగా విడగొట్టేద్దాం” అనేవాళ్లు మరో వైపు ఉంటారు. రెండు సలహాలూ ఒకే మీటింగులో వినిపిస్తాయి.

మొదటిదానిలో ఉన్న చిక్కు లైసెన్సులు, దూరం. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌ను సొంత ఇంటెల్ సర్వర్ మీద 16 కోర్లకు నడుపుతుంటే కోర్ ఫ్యాక్టర్ 0.5 వల్ల 8 లైసెన్సులు సరిపోతాయి. ఏడబ్ల్యూఎస్, అజూర్‌లకు ఒరాకిల్ పెట్టిన నియమం ప్రకారం ఆ ఫ్యాక్టర్ వర్తించదు, రెండు వీసీపీయూలకు, అంటే వర్చువల్ ప్రాసెసర్లకు, ఒక లైసెన్సు. అవే 16 కోర్లు అక్కడ 32 వీసీపీయూలు, అంటే 16 లైసెన్సులు. ఖర్చు తగ్గుతుందని చెప్పి బయల్దేరిన ప్రాజెక్టు ఇక్కడే తలకిందులవుతుంది. దూరం సంగతికొస్తే, అప్లికేషన్ హైదరాబాద్ ఆఫీసులోనే ఉంచి డేటాబేస్‌ను మాత్రం ముంబై రీజియన్‌కి పంపారనుకోండి. పక్క ర్యాకులో ఉన్నప్పుడు ఒక క్వెరీకి ఒక మిల్లీసెకను, ఇప్పుడు 20 అనుకుందాం. 300 క్వెరీలు కొట్టే స్క్రీను అరసెకను లోపు తెరుచుకునేది, ఇప్పుడు ఆరు సెకన్లు. కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది. డేటాబేస్, దాన్ని ఎడతెగకుండా అడిగే అప్లికేషన్, రెండూ కలిసే కదలాలి.

రెండో సలహా చెప్పేవాళ్లు నెట్‌ఫ్లిక్స్‌ను ఉదాహరణగా చూపిస్తారు. నెట్‌ఫ్లిక్స్ 2008 ఆగస్టులో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేక క్లౌడ్ దారి పట్టింది. ఉన్నదాన్ని అలాగే ఎత్తిపెడితే పాత రోగాలన్నీ వెంటే వస్తాయని, కొత్తగా కట్టుకుంటూ వెళ్లింది. అది ముగిసింది 2016 జనవరిలో. ఏడేళ్లకు పైగా పట్టింది, బిల్లింగ్ డేటా చివరన కదిలింది. క్లౌడ్ అమ్మే అమెజాన్ తన సొంత వ్యాపారాన్ని ఒరాకిల్ నుంచి బయటికి తెచ్చిన పని కూడా ఏళ్లు పట్టింది. దాదాపు 7,500 డేటాబేస్‌లు, 75 పెటాబైట్లు. వందకు పైగా టీములు పనిచేస్తే 2019 అక్టోబర్‌కి పూర్తయింది. ఒరాకిల్‌కి గట్టిగా ముడిపడిన కొన్ని బయటి అప్లికేషన్లను అప్పటికీ అలాగే వదిలేశారు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. త్వరగా వెళ్లాలంటే ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. చోటు మారుతుంటే ఇంజన్ మార్చకండి, ఇంజన్ మారుతుంటే అప్లికేషన్ తీరు మార్చకండి. లైసెన్సు భారం వల్ల ఇంజన్ మార్చక తప్పదనుకుంటే చిన్న, వాడకం తక్కువున్న డేటాబేస్‌తో మొదలుపెట్టండి. అందులో తగిలిన దెబ్బలన్నీ పెద్దదానికి పాఠాలవుతాయి.

దీనికి ముందు ఇంకో పని ఉంది. మార్చబోయే డేటాబేస్‌కి ఎవరెవరు కనెక్ట్ అవుతున్నారో ఎవరికీ పూర్తిగా తెలియదు. “డాక్యుమెంటేషన్ ఉంది, అది చూస్తే చాలు” అనే మాట నమ్మకండి. కనెక్షన్లను లాగ్ చేసి నెలాఖరు, త్రైమాసికం దాటేదాకా చూడండి. మార్చి 31 రాత్రి ఏడాదికి ఒక్కసారి నడిచే జాబ్ ఒకటి ఉంటుంది. సర్వర్ మీదే క్రాన్‌లో పెట్టిన షెల్ స్క్రిప్టు ఒకటి రోజూ తెల్లవారుజామున బ్యాంకుకి ఫైలు పంపుతుంటుంది, రాసిన మనిషి కంపెనీ వదిలి పదేళ్లయి ఉంటుంది. చాలా మేనేజ్డ్ సర్వీసుల్లో హోస్ట్ మీద లాగిన్ ఉండదు, సిస్‌డీబీఏ హక్కులూ ఉండవు. అలాంటి స్క్రిప్టులు ఆ రోజుతో ఆగిపోతాయి.

“బ్యాకప్‌ల బెంగ ఇక మనకెందుకు, క్లౌడ్ వాళ్లే చూసుకుంటారు.”

2017 జనవరి 31 రాత్రి, కోడు దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో జరిగింది గుర్తుచేస్తాను. రెప్లికేషన్ సమస్యతో కుస్తీపడుతూ, పొద్దుపోయింది ఇక ఆపేద్దామనుకున్న ఇంజనీర్ ఒకరు, రెండో సర్వర్ అనుకుని ప్రైమరీ సర్వర్ మీద డేటా డైరెక్టరీని తీసేశారు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపినా, దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు. అప్పుడు బ్యాకప్‌లు వెతికారు. రోజువారీ డంపు చాలాకాలంగా ఫెయిలవుతోంది, కారణం డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే డంపు తీసే టూల్ 9.2. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు ఈమెయిల్ ధ్రువీకరణ నియమాల దగ్గర తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. బ్యాకప్ ఫైళ్లు ఉండాల్సిన ఎస్3 బకెట్ ఖాళీ. అజూర్ డిస్క్ స్నాప్‌షాట్లు డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేయనేలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. జరిగిందంతా దాచకుండా ప్రపంచానికి చెప్పినందుకు ఆ కంపెనీని గౌరవించాలి.

వాళ్లప్పటికే క్లౌడ్‌లో ఉన్నారన్నది గమనించండి. క్లౌడ్ సంస్థ బ్యాకప్ సదుపాయం ఇస్తుంది. దాన్ని ఆన్ చేయడం, ఎన్ని రోజులు ఉంచాలో చెప్పడం, అందులోంచి తిరిగి డేటాబేస్‌ను లేపి చూడటం మన పని. కటోవర్‌కి ముందు వారంలో ఒకరోజు ఒక బ్యాకప్ తీసుకుని కొత్త ఇన్‌స్టాన్స్‌గా రిస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో రాసి, అప్లికేషన్‌ను దానికి తగిలించి ఒక బిల్లు తీయండి. బిల్లు వస్తేనే బ్యాకప్ ఉన్నట్టు.

నకలు ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు బ్యాంకులు, చెల్లింపు సంస్థలు చట్టం సంగతి లాయర్లకు వదిలేసి ముందుకు పోకూడదు. చెల్లింపుల డేటా భారతదేశంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. విపత్తు వస్తే వాడుకునే నకలును అలవాటుగా సింగపూర్ రీజియన్‌లో పెట్టేస్తే చిక్కే. ఏడబ్ల్యూఎస్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లున్నాయి కాబట్టి అసలూ నకలూ రెండూ దేశంలోనే పెట్టుకోవచ్చు. ఐటీ పనులు బయటివాళ్లకు అప్పగించడంపై 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలు, పని అప్పగించిన సంస్థను వదిలి బయటికి రావడానికి కూడా ప్రణాళిక ఉండాలన్నాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా చివరికి ఉంచాను. “రోల్‌బ్యాక్ గురించి ఇప్పుడు మాట్లాడితే టీము ధైర్యం చెడుతుంది.”

తిరిగి రావడమంటే పాత సర్వర్ స్విచ్ వేయడం అనుకుంటారు చాలామంది. అది కొత్త డేటాబేస్‌లో మొదటి ఎంట్రీ పడేదాకే నిజం. సోమవారం పది గంటలకు కొత్త చోట వేల లావాదేవీలు పడ్డాక పాతదానికి వెళ్తే అవన్నీ పోతాయి. అందుకే కటోవర్ కాగానే మార్పుల ప్రవాహాన్ని వ్యతిరేక దిశలో తిప్పాలి. కొత్తదాంట్లో పడే ప్రతి మార్పూ పాతదానికి చేరుతూ ఉండాలి. ఇది కనీసం ఒక నెలాఖరు దాటేదాకా నడవాలి. దీన్ని కూడా రిహార్సల్ చేయాలి, ముందుకు వెళ్లి, కొన్ని గంటలు పనిచేసి, వెనక్కి రావాలి. ఇందుకయ్యే ఖర్చు అదనమని కోసేయడం తేలిక. ఇల్లు అలకగానే పండగ కాదు. ఆదివారం రాత్రి చప్పట్లు కొట్టుకున్న ప్రాజెక్టులు బుధవారం నెలాఖరు లోడుతో కుప్పకూలడం ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

దానితో పాటే మనుషుల విషయం. అమెరికా కంపెనీల కటోవర్లు వాళ్ల వారాంతంలో జరుగుతాయి, హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చున్న మన పిల్లలకు అవి రెండు రాత్రుల జాగారాలు. “మన కుర్రాళ్లు 30 గంటలు ఏకధాటిగా చేయగలరు” అని మేనేజర్లు క్లయింట్‌కి గర్వంగా చెప్పడం విన్నాను. అలా చెప్పకూడదు. నిద్రలేని మనిషి చేతిలో ప్రొడక్షన్ పాస్‌వర్డ్ పెట్టకూడదు. టీమును రెండు షిఫ్టులుగా విడగొట్టండి. చెరిపేసే కమాండ్ ఏదైనా ఒకరు చదివి, ఇంకొకరు సర్వర్ పేరు చూసి సరే అన్నాకే కొట్టాలి. టెర్మినల్‌లో ప్రొడక్షన్ విండో రంగు ఎర్రగా పెట్టుకోండి. ఖర్చేమీ లేదు.

మేనేజర్లకు, క్లయింట్ వైపున ఉన్నవాళ్లకు ఒక విన్నపం. కటోవర్ రన్‌బుక్, అంటే ఆ రాత్రి పనుల పట్టిక, మీ ముందుకు సంతకానికి వచ్చినప్పుడు మొదటి పేజీలో రెండు సంగతులు వెతకండి. పని సగంలో ఉన్నా వెనక్కి తిరగాల్సిన ఆఖరి గంట ఏది? ఆ గంట కొట్టినప్పుడు ఎవరినీ అడగకుండా ఆపేయగల మనిషి ఎవరు? ఆ గంటా ఆ పేరూ అందులో లేకపోతే సంతకం పెట్టకండి, ఇంకో రిహార్సల్ అడగండి. ఆ ఆపేసిన మనిషిని సోమవారం మీటింగులో ఎవరైనా నిలదీస్తే, అతని పక్కన మీరు నిలబడండి.